మా సువార్త వ్యానుకు ఇంజను దొరికిన విధము

మన పత్రికలో సాక్ష్యాలు రాసేవారు తాము పొందిన మేలులను గురించి రాస్తూ ఉంటారు. నేను రాయబోయేది మేలే గాని, దానిలో నా సిగ్గు కూడా కలిసి ఉన్నది. చాలాకాలం రాయకుండా దాటవేశాను. ఇప్పుడు బడి ఉద్యోగం నుంచి విశ్రాంతి పొంది ఇంటిపట్టున ఉన్నాను గనుక రాస్తున్నాను.

భీమడోలుకు దిగువన, కొల్లేటి వైపున్న మా చిన్న సంఘానికి ఒక మటాడోర్ వ్యాను ఉండేది. 1979 మోడలు. పాతబడిపోయిందని ఒక ఆసుపత్రివారు అమ్మివేస్తే 1994లో మా పెద్దలు కొన్నారు. ఒక ప్రక్క వాక్యం స్పష్టంగా కనిపించేది. రెండవ ప్రక్క బురద, ఎండ కలిసి సగం అక్షరాలు తినేశాయి. స్టార్టు చెయ్యగానే అద్దాలన్నీ వణికేవి గనుక సండే స్కూలు పిల్లలు దానికి "గజగజ" అని పేరు పెట్టారు. ఆదివారం సాయంత్రాలు ఆగడాలలంక, ఆ చుట్టుప్రక్కల ఊళ్ళలో కూటములకు వెళ్ళేది. మిగతా రోజుల్లో పురుటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా, ముసలివారికి ఆయాసం వచ్చినా, మతంతో పని లేకుండా ఎవరైనా వచ్చి మా తలుపే తట్టేవారు. ఆ రోజుల్లో లంకల నుంచి ఏలూరు పెద్దాసుపత్రికి రాత్రిపూట వెళ్ళాలంటే వేరే దిక్కు తక్కువ. బండి తాళం నా దగ్గర ఉండేది. నడిపేవాడినీ నేనే, సంఘం లెక్కలు రాసేవాడినీ నేనే.

2006 ఆగస్టులో మా సంఘంలోని ఒక అమ్మాయికి తాడేపల్లిగూడెంలో ప్రధానము జరిగింది. పద్దెనిమిది మందిమి వ్యానులో వెళ్ళి, భోజనాలు ముగించుకొని మూడు గంటలకు బయలుదేరాము. ఆ రాత్రి ఆగడాలలంకలో కూటము. ప్రసంగం నాది. మైకులో నా పేరు రెండు రోజులుగా చెబుతున్నారు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నా తొందరకు కారణం అదే తప్ప మరొకటి కాదు.

అప్పట్లో అది 5వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 16వ నంబరంటున్నారు. ఉంగుటూరు దాటాక సూది కదలడం చూశాను. చేబ్రోలు దగ్గర ఎర్రగీతను ముట్టింది. కైకరంలో ఆగి నీళ్ళు పోద్దాములే అనుకున్నాను. కైకరం వచ్చింది. రోడ్డు ప్రక్క బోరింగు, దాని దగ్గర బిందెతో నిలబడిన పిల్ల, అన్నీ కనబడ్డాయి. ఆగితే ఇంజను చల్లారేవరకు అరగంట పోతుంది. పూళ్ళలో చూద్దాములే అనుకొని ముందుకే పోనిచ్చాను. లోపల ప్రార్థన కూడా చేసుకున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, పూళ్ళ చేరేలోపు సూది తనంతట తానే కిందికి దిగిపోయింది. ప్రభువు ఆలకించాడని స్తుతించాను. రెండు కిలోమీటర్లు పోయేసరికి లోపల ఇనుము ఇనుమును కొరికినట్టు ఒక కేక వేసి ఇంజను బిగుసుకుపోయింది.

సూది ఎందుకు దిగిందో తరువాత తెలిసింది. నీటిలో మునిగి ఉండే చిన్న బుడిపె ఆ నీటి వేడిని సూదికి తెలియజేస్తుంది. పైపు క్లిప్పు వదులై రేడియేటరులోని నీళ్ళన్నీ కారిపోయాయి. బుడిపెకు తగలడానికి నీళ్ళే లేనప్పుడు సూది ఏ వేడిని చూపిస్తుంది? నేను జవాబు వచ్చిందనుకున్న సమయానికి ఇంజను ఎండిపోయి మండుతున్నది.

మరునాడు ట్రాక్టరుకు కట్టి ఏలూరులో ఒక షెడ్డుకు చేర్చాము. అక్కడి మెకానిక్ పెద్ద వయసు సాహెబు గారు. జిల్లాలో మటాడోర్ అంటే ఆయన పేరే చెప్పేవారు. హెడ్డు విప్పి చూస్తే అది వంగిపోయి ఉంది. రెండు పిస్టన్లు గోడలకు అంటుకుపోయాయి. బ్లాకు కూడా పగిలింది. బోరు చేయించి వాడుకునే స్థితి లేదు. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "వేడి సూది చూడలేదా మాస్టారూ?" అని అడిగారు.

"అది ఎప్పుడో పాడైంది భాయీ, పనిచెయ్యదు" అన్నాను.

అంత తేలికగా వచ్చింది ఆ మాట. ఆ వారమే పెద్దల కమిటీలో, "ఇరవై ఏడేళ్ళ బండి అయ్యగారూ, ఇంజను ఆయుష్షు తీరిపోయింది" అన్నాను. పాస్టరు గారు, "నిజమేనండీ, ఎంతకని పనిచేస్తుంది!" అన్నారు. ఎవరూ మరో ప్రశ్న అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టమైంది.

వేరే ఇంజను కొనాలని తీర్మానించారు. ఇక్కడ బండి సంగతి కొంచెం చెప్పాలి. మటాడోర్లు తయారుచేసినది పూణే దగ్గరి బజాజ్ టెంపో కంపెనీ. 1958లో జర్మనీవారి టెంపో వాహనాలతో మొదలైన ఆ కంపెనీ 2005 నుంచి ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకుంది. మటాడోర్లలో మొదట హనోమాగ్ అనే జర్మను కంపెనీ నమూనా డీజిల్ ఇంజను వచ్చేది. ఆ తరువాతి బండ్లలో మెర్సిడెస్ వారి లైసెన్సుతో చేసిన 2.4 లీటర్ల ఇంజను వచ్చింది. మాది పాత రకం. కొత్త రకం ఇంజను దొరకడం తేలికే గాని, దానిని మా బండిలో కూర్చోబెట్టాలంటే మౌంటింగులు మార్చాలి, గేరుబాక్సుకు కలిపే చోట పని ఉంటుంది, ఖర్చు రెట్టింపు. పాత రకమే వెదకాలి. అదేమో దొరకదు.

చందాలు మొదలయ్యాయి. మా స్త్రీల సమాజంవారి పిడికెడు బియ్యం సంగతి మీలో చాలామందికి తెలిసినదే. అన్నం వండే ప్రతి పూటా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. నెలకు ఒకసారి గుడికి తెస్తారు. ఆ నాలుగు నెలలూ ఆ బియ్యమంతా అమ్మి ఇంజను నిధికి వేశారు. మందిరం వెనక ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ గారు, మేమందరం మామ్మ అనేవాళ్ళం, గుడ్లు పెట్టే పెట్టను తెచ్చి నా చేతిలో పెట్టి, "నా ప్రాణం నిలబెట్టిన బండి నాయనా" అన్నారు. అంతకు ముందు ఏడు ఆయాసం వచ్చినప్పుడు అర్ధరాత్రి ఆమెను ఏలూరు తీసుకువెళ్ళింది నేనే. పెట్టను వేలం వేశాము. నేనే పాడుకొని, మళ్ళీ ఆమె దొడ్లో వదిలి వచ్చాను. అలా చేస్తే మనసు కొంచెం తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

సెప్టెంబరు, అక్టోబరు నెలలు తిరగడంతోనే గడిచాయి. తాడేపల్లిగూడెంలో షెడ్లన్నీ అడిగాము. విజయవాడ ఆటోనగరు వెళ్ళాము. అక్కడ చూడాలి ప్రియులారా, ఒక ఊరంత ఊరు! ఒక వీధినిండా గేరుబాక్సులు, ఒక వీధినిండా యాక్సిళ్ళు. పాత రకం హనోమాగు అనగానే అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం ఇరవై రెండు వేలకు ఒకటి చూపించాడు గాని, క్రాంకు ఆట ఎక్కువగా ఉందని సాహెబు గారు వద్దన్నారు.

చివరకు మరొక ఊళ్ళో, ఊరి పేరెందుకులెండి, తొమ్మిది వేలకే ఒక ఇంజను కనిపించింది. స్టార్టు చేస్తే గడియారంలా తిరిగింది. నేను జేబులోంచి బయానా తీయబోతుంటే సాహెబు గారు బ్లాకు ప్రక్కన చెయ్యిపెట్టి తడిమారు. నంబరు ఉండవలసిన చోట ఆకురాయితో రుద్దిన నున్నటి మచ్చ ఉంది.

బయటికి వచ్చాక నేనే వాదించాను. "మనం దొంగిలించలేదు కదా భాయీ. ఎవరిదో ఏమిటో మనకు తెలియదు. పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారు, దేవుని పని ఆగిపోయింది..."

ఆయన నా వైపు చూడకుండానే, "దేవుడి పనికి దొంగ ఇంజనా మాస్టారూ?" అన్నారు. తరువాత, నేను నొచ్చుకున్నాననుకొని కాబోలు, చట్టం సంగతి చెప్పారు. ఆర్‌.సి. పుస్తకంలో ఇంజను నంబరు ఉంటుంది. ఇంజను మారిస్తే ఆ సంగతి రవాణా ఆఫీసులో తెలియజేసి పుస్తకంలో మార్పించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ముందుగా అనుమతి లేకుండా మార్చినట్లయితే పద్నాలుగు రోజులలోగా తెలపాలని ఉండేది. నంబరే లేని ఇంజనుకు ఏ నంబరు రాయిస్తారు? తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. నంబరు చెరిపివేసిన ఇంజను, నేను చెరిపివేసిన మాట, రెండూ ఒకేలా కనబడసాగాయి.

నవంబరులో చేపల లారీ డ్రైవరు ఒకాయన కబురు తెచ్చాడు. లంకలో ఒక రైతు దగ్గర మటాడోర్ ఇంజను ఉన్నదట. చెరువుకు నీళ్ళు తోడడానికి వాడేవాడట.

కొల్లేరు సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి దీనిలో పడతాయి. ఉప్పుటేరు ఒక్కటే నీటిని సముద్రానికి మోసుకుపోతుంది. చేపల చెరువులు పెరిగిపోయి సరస్సు చిక్కిపోతే, 1999లో అయిదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. సరస్సుకు అది అవసరమేనని చదువుకున్నవాడిగా నేను ఒప్పుకుంటాను. కాని గట్టు తెగినప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాడికి ఆ మాట చెప్పడానికి నోరు రాదు. చెరువులు పోయాక తోడు ఇంజన్లు, పైపులు, ఏరేటర్లు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి.

సాహెబు గారూ నేనూ కొంత దూరం ఆటోలో, కొంత దూరం పడవలో వెళ్ళాము. తెగిన గట్ల మీద నత్తగుల్ల కొంగలు వరుసగా నిలబడి ఉన్నాయి. దూరంగా గూడబాతులు నీటి మీద తెల్లగా తేలుతున్నాయి. ఆ రైతు ఇంటి ప్రక్కన పాకలో దుంగల మీద బిగించి, పరదా కప్పి ఉంది ఇంజను. ఎండాకాలం నుంచి కదిలించకపోయినా గ్రీజు పూసి, గొట్టాల మూతులకు గుడ్డలు కుక్కి ఉంచాడు. పరదా తీస్తూ ఇంట్లో పశువును చూపించినట్టు దాని వీపు మీద తట్టాడు.

సాహెబు గారు పరీక్షించిన తీరు రాస్తాను, ఎవరికైనా పనికి వస్తుంది. ముందు నంబరు చూశారు, స్పష్టంగా ఉంది. ఇంజనును తీసిన బండి తాలూకు కాగితాలు రేకుపెట్టెలో ఉన్నాయి. తరువాత క్రాంకు పుల్లీని చేతితో తిప్పారు, ముందుకూ వెనక్కూ లాగి ఆట చూశారు. ఆయిలు పుల్ల తీసి వేళ్ళ మధ్య రాశారు. ఆయిలు పాలు కలిసిన కాఫీలా ఉంటే నీళ్ళు కలుస్తున్నాయని గుర్తు. ఇది నల్లగానే ఉంది. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, హీటర్ ప్లగ్గులు వేడెక్కేవరకు ఆగి, చల్లటి ఇంజనునే స్టార్టు చేశారు. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను అబద్ధం చెబుతుందట. తెల్ల పొగ వచ్చింది. రెండు నిమిషాల్లో పోయింది. నీలం పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు, నల్ల పొగ ఆగకపోతే డీజిలు సరిగా మండనట్టు. ఈ రెండూ లేవు. ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి, "ఊపిరి బాగుంది" అన్నారు.

ఒక్కటే లోపం. చెరువు ఇంజనుకు రేడియేటరు ఉండదు, చెరువు నీళ్ళే తిప్పుతారు. లోపల నీళ్ళ దారులనిండా కొల్లేటి ఒండ్రు, తుప్పు. అది కడగాలి, తుప్పు తిన్న బిళ్ళలు మార్చాలి. అయితే చెరువు మీద ఇంజను ఒకే వేగంతో తిరుగుతుంది గనుక గోడలు అంతగా అరగలేదని ఆయన అభిప్రాయం.

రైతు పద్నాలుగు వేలన్నాడు. అది న్యాయమైన ధరే. నేను సంఘం సంగతి, పేషెంట్ల సంగతి, దైవకార్యం సంగతి చెప్పి, ప్రార్థన కూడా చేస్తానని చెప్పి పన్నెండుకు దింపాను. ఆయన కాసేపు నేల చూసి, "సరే తీసుకెళ్ళండి" అన్నాడు. ప్రార్థన చేస్తుంటే ఆయన భార్య గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం కనిపించింది. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదంటారు, నేను తెరిచాను.

ఇంజనును పడవలో దాటించడమే ఒక పెద్ద కథ, దానిని వదిలేస్తాను.

మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. మటాడోరుకు ముందు చక్రాలే లాగుతాయి గనుక బరువంతా ముందే ఉంటుంది. బండి ముందు భాగాన్ని ఎత్తి దిమ్మెల మీద నిలబెట్టారు. బ్యాటరీ, నీళ్ళ పైపులు, డీజిలు గొట్టాలు, తీగలు ఒక్కొక్కటే విప్పి, ఏ తీగ ఎక్కడిదో తెలిసేలా కుర్రవాళ్ళు గుడ్డపీలికలు కట్టారు. గొలుసు కప్పీ వేసి పాత ఇంజనును నేలకు దించారు. కొత్తగా వచ్చినదాని లోపలినుంచి బకెట్టు నిండా ఒండ్రు వచ్చింది. ఆ బురదలో చిన్న నత్తగుల్ల కూడా ఉంది. కుర్రవాడు దానిని డాష్‌బోర్డు మీద పెట్టాడు.

నాలుగవ రోజు తీగలు కలుపుతూ సాహెబు గారు పాత ఇంజను నుంచి తీసిన ఆ వేడి బుడిపెను చేతిలోకి తీసుకున్నారు. ప్రక్క బడ్డీ నుంచి కాగుతున్న నీళ్ళు ఒక గ్లాసు తెప్పించారు. బుడిపెకు తీగ తగిలించి, మరో తీగతో దాని ఒంటిని బండి ఇనుముకు కలిపి, గ్లాసులో ముంచారు. నేను డ్రైవరు సీటులో ఉన్నాను. నా కళ్ళ ముందే సూది లేచి నెమ్మదిగా పైకి, ఇంకా పైకి నడిచింది.

ఆయన కిటికీలోంచి తొంగి చూశారు. "బాగానే పనిచేస్తోంది మాస్టారూ" అన్నారు. అంతే. మళ్ళీ పనిలో పడిపోయారు. కొత్త బుడిపెకు డబ్బులు వెయ్యలేదు బిల్లులో.

సాయంత్రం స్టార్టు చేశారు. కుర్రవాళ్ళందరూ ఈలలు వేశారు. నాకు సంతోషం రాలేదు. రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు గారు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. అంకె తరువాత అంకె కాగితం మీదికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

2006 డిసెంబరు 17 ఆదివారం నాడు బండి ప్రతిష్ఠ. పాస్టరు గారు నన్ను లేపి, ప్రభువు ఇంజనును ఎలా అనుగ్రహించాడో సాక్ష్యం చెప్పమన్నారు. రాసుకొని వచ్చాను కూడా. లేచి చూస్తే ముందు చాప మీద మామ్మ, ఆమె ప్రక్కన పిడికెడు బియ్యం తెచ్చిన అమ్మలందరూ ఉన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, చేబ్రోలు దగ్గర నుంచి మొదలుపెట్టాను. సూది ఎర్రగీతను ముట్టిన సంగతి, కైకరం బోరింగు సంగతి, సాహెబు గారితో చెప్పిన అబద్ధం, కమిటీలో చెప్పిన మాట, లంక రైతు దగ్గర దేవుని పేరు చెప్పి తగ్గించిన రెండు వేలు, అన్నీ చెప్పాను.

మందిరంలో చప్పుడు లేదు. తరువాత ఒక పెద్ద లేచి, "నాలుగు నెలలు మా చేత బియ్యం ఏరించావు కదయ్యా" అని చాలా కఠినంగా మాట్లాడారు. ఆయన మాటల్లో అన్యాయం ఏమీ లేదు. ఆ సాయంత్రం కమిటీ కూర్చొని తాళం, లెక్కల పుస్తకం నా దగ్గర నుంచి తీసుకుంది. ఇంజను ఖరీదు పన్నెండు వేలు నెలకు వెయ్యి చొప్పున నేను కట్టడానికి ఒప్పుకున్నాను. పుస్తకం తరువాత తిరిగి ఇచ్చారు; తాళం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. బండిని యౌవనస్థుల్లో ఒకతను నడిపాడు, నాకంటే శ్రద్ధగా. అది 2013 వరకు తిరిగింది.

క్రిస్మసు మరునాడు రెండు వేలు తీసుకొని లంకకు వెళ్ళాను. ఆ రైతు డబ్బు లెక్కపెట్టుకొని జేబులో వేసుకున్నాడు. క్షమించాననీ అనలేదు, కూర్చోమనీ అనలేదు. పడవ ఎక్కబోతుంటే అతని కొడుకు పరుగెత్తుకొచ్చి ఆకులో చుట్టిన రెండు కొర్రమీనులు ఇచ్చి, "నాన్న ఇమ్మన్నాడు" అని వెళ్ళిపోయాడు.

మామ్మ సంగతి చెప్పలేదు. ప్రతిష్ఠ నాడు ఆరాధన అయ్యాక అందరూ నన్ను తప్పుకొని పోతుంటే, ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చి వ్యాను దగ్గర నిలబడింది.

"ఆ సూదేదో ఎక్కడుంటది నాయనా? నాకు చూపించు" అన్నది.

ఎక్కించి చూపించాను. ఇక్కడి నుంచి ఇక్కడికి వస్తే ఆపాలి మామ్మా అని చెప్పాను. కళ్ళు చిట్లించుకొని బాగా చూసింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా ముందు సీటు ఆమెదే. కూటముకు వెళ్ళే దారిలో పాట పాడుతూ కూడా సూది మీద నుంచి చూపు తిప్పేది కాదు. ఒకసారి గుండుగొలను దగ్గర సూది మామూలుగానే ఉన్నా, తనకు అనుమానం వచ్చి, పదిహేను మందిని ఎండలో దింపి మరీ నీళ్ళు పోయించింది.